సారు చెప్పిన నాలుగు వరుసలు

కరీంనగర్‌లో ఒక కంటి దవాఖాన, పొద్దున పదిన్నర. అక్షరాల బోర్డు చదివించే గది ముందు బెంచీ మీద మందమర్రి ఏలియా, ఆయన బిడ్డ బ్లెస్సీ.

"మళ్ల చెప్పు బాపూ. పొద్దుగాల హోటల్ల ఉప్మల ఎంటిక ఎట్ల కనవడ్డది?"

"ఎంటిక ఉన్నది, కనవడ్డది. అండ్ల చెప్పుడేమున్నది బిడ్డా?"

"నల్ల ఎంటిక కాదు. తెల్లది. తెల్ల ఉప్మల తెల్ల ఎంటిక. నేను రెండు కండ్లు పెట్టుకొని సగం ప్లేటు తిన్న, నాకే కనవడలే."

"నీ ధ్యాస ఫోన్ల ఉండె."

"నా ధ్యాస సంగతి తర్వాత. కన్ను కనవడ్తలేదని ఆర్నెల్లసంది మందమర్రికెల్లి కరీంనగర్ తిరుగుతున్నం. బస్సు కండక్టర్లు గూడ మనల్ని గుర్తుపడుతున్నరు. నువ్వేమో ఉప్మల ఎంటికలు ఏరుతున్నవ్."

"కనవడనిది ఎడమ కన్ను. కుడిది మంచిగనే ఉన్నది గద. ఉప్మ ఏమన్న ఎడమ కంటికే పెట్టిండ్రా?"

"జోకులు వద్దు."

"నువ్వే మొదలువెట్టినవ్, ఎంటిక ముచ్చట."

"ముప్పై ఎనిమిది! ముప్పై ఎనిమిదో నంబరు ఎవరు? లోపలికి రాండ్రి!"

"మనది నలభై ఒకటి బాపూ. కూసో."

"కాలు తిమ్మిరెక్కింది, అందుకే లేసిన."

"కాలు తిమ్మిరి కాదు, భయం. కూసో. శరత్‌చంద్ర సారు మొదటి రోజు ఏమన్నడు, యాదున్నదా?"

"కూసోమన్నడు. నీ లెక్కనే."

"తర్వాత?"

"బీపీ గోలీలు ఎందుకు బందు చేసినవ్ అన్నడు."

"దాని తర్వాత బాపూ!"

"కంటెనుక పొరల రక్తం నరం మూసుకపోయింది, అక్కడ నీళ్లూరి వాపొచ్చింది, కంట్ల సూదులు ఇస్తే వాపు దిగుతది అన్నడు. కంట్ల సూది అనంగనే నువ్వు కుర్చీ పట్టుకున్నవ్. నాకు గది యాదున్నది. సూది నాకు, చెమటలు నీకు."

"చూపు సంగతి ఏమన్నడు?"

"ఏదో అన్నడు."

"ఏదో కాదు. స్కాన్ ఫొటో చూపిచ్చిండు. పొరల మీద పొరలు, నడుమ ఒక సన్న గీత. గా గీత తెగకుంటే చూపు వస్తది, తెగితే వాపు దిగినా రాదు అన్నడు. నీది చాలామటుకు తెగలే అన్నడు. ఆరు సూదులు అయ్యేసరికి మీ బాపు బోర్డు మీద నాలుగు వరుసలు చదువుతడమ్మా అని నాతోని అన్నడు."

"నాతోని అనలే మరి."

"నువ్వు ఇంటే గద. సారు లెక్క తప్పది. పదిమందిల తొమ్మిదిమందికి ఆయన అన్నట్టే అయితదట."

"పదోవోడు ఎవడో ఒకడు ఉండాలె గద బిడ్డా. వాని పేరేంది?"

"వాని పేరు ఏలియా గాదు."

"అబ్బో! శరత్‌చంద్ర సారు అన్నడంటే ఇగ దేవుడు గూడ మార్చరాదు."

"దేవుణ్ణి నడుమల తేకు. ఆదివారం చర్చిల కానుక సంచి పట్టుకొని తిరిగెటోనివి నువ్వు. నీ నోట్ల అబద్ధం రావద్దు."

"నేనేం అబద్ధం ఆడిన?"

"చెప్పన్నా?"

"చెప్పు. చెప్పేదాక నీకు కడుపు ఉబ్బుతది."

"మూడో సూది అయినంక, మే నెలల, రెండు వరుసలు చదివినవ్. నేను పక్కనే నిలవడ్డ. టకటక చదివినవ్. సిస్టర్ గూడ 'భేష్ తాతా' అన్నది."

"తాతా అన్నందుకే కోపమొచ్చింది నాకు."

"జూన్‌ల ఇంటికి ఏమొచ్చింది?"

"వాన."

"బొగ్గుబాయి కంపెనీ కాగితం బాపూ! మెడికల్ బోర్డుకు రావాలె, కంటి రిపోర్టు తేవాలె అని."

"ఔ, గదీ వచ్చింది."

"గా కాగితం వచ్చినసంది రెండు వరుసలు ఒకటైంది. ఒకటి గూడ పోయి బోర్డు మొత్తం తెల్లగైంది. పోయిన నెల సారు నీ మొకం ముందర వేళ్లు పెడితే ఏమన్నవ్? 'చెయ్యి ఊగుతున్నది సారూ, గంతే' అన్నవ్. వాపేమో మొత్తం దిగింది. చూపేమో ఎనుకకు నడుస్తున్నది. ఎట్ల?"

"చదువుకున్న సారుకే తెలుస్తలేదు, బొగ్గుబాయిల ఇంజను నడిపెటోన్ని, నాకేం తెలుసు?"

"సారు పరేషాన్ అయితుండు నీ వల్ల. ఇయ్యాల గూడ చదవకపోతే చేతి నరంల రంగు మందు ఎక్కిచ్చి కంటి ఫొటోలు తీస్తరట. లోపల రక్తం అందుతలేదేమో చూడాలె అంటుండు."

"తియ్యనియ్యి. ఇన్ని సూదులు పడ్డయి, గదొకటి ఎక్కువా?"

"ఏం లేనిదానికి ఎందుకు తియ్యాలె? నీ కంటికేమైందో నేను చెప్త. ఒక కన్ను కనవడకుంటే బాయిల దిగనియ్యరు. అన్‌ఫిట్ అని రాస్తరు. అన్‌ఫిట్ అయితే నౌకరి ఇంట్ల పిల్లలకు ఇస్తరు. ఇంట్ల ఉన్న పిల్ల నేనొక్కదాన్నే. గదీ నీ కంటి జబ్బు."

"మెల్లగ మాట్లాడు. అందరు ఇటే చూస్తున్నరు."

"చూడనీ. ఇక్కడ ఎవలకు సరిగ్గ కనవడది."

"బ్లెస్సీ!"

"కొండల్ మామ లెక్క చేస్తున్నవ్ బాపూ."

"కొండల్‌గాని ముచ్చట తియ్యకు, దవాఖానల నవ్వొస్తది."

"చెవులు వినవడ్తలేవని మెడికల్ బోర్డుకు పోయిండు గద. డాక్టర్లు ఎంత ఒర్రినా ఉలకలే పలకలే. ఆఖరుకు పెద్ద డాక్టర్ అటెండర్‌తోని మెల్లగ 'అందరికి చాయ్ చెప్పు' అన్నడు."

"అంటే?"

"నీకు తెల్వదా ఏంది?"

"తెలుసు. నువ్వు చెప్తే మంచిగుంటది."

"'నాకు చక్కెర తక్కువ' అన్నడట."

"హహ... వాడు ఇప్పటికి గూడ అంటడు, గా చాయ్ తాగనన్న తాగనియ్యలే అని."

"నవ్వు నవ్వు. ఇయ్యాల నువ్వు గూడ గట్లనే దొరుకుతవ్."

"నాకు షుగరున్నది. చాయే వద్దంట."

"ముప్పై తొమ్మిది! అమ్మా, మీరేనా? చెప్పులు బయట ఇడువుండ్రి."

"బాపూ, పోయిన ఆదివారం ముచ్చటకు రా."

"ఆదివారం ఏమైంది? కోడిగూర వండింది మీ అవ్వ."

"కోడిగూరకు ముందు. చర్చిల నీ కుడి కంట్ల నలుసు పడ్డది. దస్తీ అడ్డం పెట్టుకున్నవ్. అవునా?"

"పెట్టుకున్న. ఎర్రగైంది కన్ను."

"దస్తీ కుడి కంటికున్నది. పాట నంబర్లు రాసే బోర్డు గోడకున్నది. నువ్వు బోర్డు దిక్కు చూసి, పక్కకు వంగి, 'నూటా పన్నెండు తియ్యి ఎలీసబెతూ' అని అవ్వతోని అన్నవ్. అవ్వ తీసింది. పాట గదే. మరి గా నంబరు ఏ కంటితోని చదివినవ్?"

"మన నంబరు పిలిచినట్టున్నది."

"పిలవలే. చెప్పు."

"చదవలే. రెబెకా హార్మోనియం మీద రాగం ఎత్తింది. నలభై ఏండ్లసంది పాడుతున్న. రాగం ఇంటే నంబరు తెల్వదా?"

"రెబెకా పిన్ని అప్పటికి ఇంక హార్మోనియం పెట్టె తెరవనేలే."

"తెరిచింది. ఒక్క రాగం ఎత్తి మళ్ల మూసింది."

"తెరవలే బాపూ. నేను పిన్ని పక్కనే కూసున్న."

"కూసున్నవ్ గని, నువ్వు ఫోన్ల..."

"చర్చిల ఫోను తియ్య నేను! నువ్వు ముచ్చట మార్చకు. దొరికినవ్ ఒప్పుకో."

"నీకు నౌకరి వద్దా?"

"ఇప్పుడు గదెందుకు?"

"అడుగుతున్న. పొద్దందాక బ్యాగుల దుకాణంల నిలవడ్తవ్. ఇంటికొచ్చి కాళ్లు ఉడుకునీళ్లల పెడతవ్. డిగ్రీ చదివినవ్. నీతోని చదివిన మమతారాణి కంపెనీ ఆఫీసుల ఫ్యాన్ కింద కూసుంటున్నది. వద్దా నీకు?"

"కావాలె. ఎవరికి వద్దు? గని నీ కన్ను పెట్టి తెచ్చుకునే నౌకరి నాకెందుకు?"

"ఆగు. నా కన్ను మంచిగున్నదని నువ్వే అంటున్నవ్. మంచిగుంటే నేను పెట్టిందేమున్నది?"

"అంటే... అబద్ధం మీద వచ్చిన నౌకరి అచ్చిరాదు అంటున్న."

"కాదు, నువ్వు గది అంటలేవు. ఏదో ఉన్నది నీ మనసుల. నాకు కనవడాలె కనవడాలె అని పొద్దటిసంది పట్టువట్టినవ్. సారుకు గూడ గింత పట్టు లేదు."

"ఏం లేదు."

"ఏదో ఉన్నది."

"ఏం లేదంటున్న గద! లోపలికెల్లి ఇంక ఎవ్వలు వస్తలేరు చూడు. ఎంతసేపు చదివిపిస్తరు ఒక్కొక్కల్ని..."

"బ్లెస్సీ, ఇటు తిరుగు. ఏడుస్తున్నవా?"

"నీకు కనవడ్తున్నదా మరి?"

"కుడి దిక్కు కూసున్నవ్ గద బిడ్డా. కనవడ్తది. ఏమైంది?"

"క్రిస్మస్‌కు ఇంటి మీద నక్షత్రం కట్టినం, యాదికున్నదా?"

"కట్టినం. బల్బుల తీగ నువ్వే అందిచ్చినవ్."

"నిచ్చెన మీదికెల్లి నువ్వేమన్నవ్? 'బిడ్డా, నక్షత్రం వంకర కనవడ్తున్నది, నడుమల ఏదో నల్లగ అడ్డమొస్తున్నది' అన్నవ్."

"అన్ననేమో."

"అన్నవ్. నేనేమన్న? 'కట్టెటోడు వంకర గద, నక్షత్రం ఎట్ల సక్కగుంటది' అని నవ్విన. అవ్వను గూడ పిలిచి నవ్విచ్చిన. తెల్లారి మళ్ల అన్నవ్, మసక మసకగున్నదని. అద్దాలు తుడుసుకో బాపూ అన్న. వారం అయినంక మళ్ల అన్నవ్. మెడికల్ షాపుకు పోయి నేనే చుక్కల సీస తెచ్చిన. రెండు నెలలు బాపూ! రోజు పండవెట్టి నేనే వేసిన. నువ్వు మంచిగున్నది మంచిగున్నది అన్నవ్."

"సల్లగుండె. సల్లగుంటే మంచిగున్నదన్న."

"రెండు నెలలు అయినంక ఇక్కడికి తెస్తే సారు ఏమన్నడు? 'జర ముందు తీసుకొస్తే బాగుండునమ్మా' అన్నడు. నా దిక్కే చూసి అన్నడు."

"వాళ్లు అందరికి అంటరు గా మాట. దవాఖాన గోడల మీద గూడ రాసి ఉంటది."

"అందరికి అంటరో లేదో, నాకు తగిలింది. ఆర్నెల్లసంది అదే తిరుగుతున్నది తలకాయల. అవ్వకు చెప్పలే. ఎవ్వలకు చెప్పలే. నీ కన్ను నేనే పోగొట్టిన అని. నువ్వు చాయ్ కప్పు పక్కన చెయ్యి పెట్టి తడుముతవ్ చూడు, నాకు బువ్వ మింగవడది."

"పిచ్చిదానా."

"అందుకే నువ్వు దొంగవి కావాలె బాపూ. సారు లెక్క నిజం కావాలె. నువ్వు నంబరు చదివినవ్ చూడు ఆదివారం, ఆ రోజు నేను కంటినిండ నిద్రపోయిన. మా బాపుకు కనవడ్తున్నది, నౌకరి కోసం నాటకం ఆడుతుండు, గంతే అనుకున్న. ఎంత తిట్టుకున్ననో అంత సంబురమైంది. ఏమన్న అను బాపూ. తిట్టు."

"నలభై! నలభైయో నంబరు! తర్వాత నలభై ఒకటి, రెడీగ ఉండుండ్రి!"

"బాపూ. నిన్నే."

"పట్టుకున్నవ్ పో."

"ఏంది?"

"దొరికిపోయిన అంటున్న. కొండల్‌గాని కంటే అన్యాలంగ దొరికిన."

"బాపూ!"

"రెబెకా పెట్టె తెరవలే. నువ్వు చెప్పిందే నిజం. నంబరు కనవడ్డది."

"ఎడమ కంటితోనే?"

"ఎడమ కంటితోనే. నూటా పన్నెండు. ఒకటి, ఒకటి, రెండు. ముద్దగ కనవడ్డయి."

"మరి బోర్డు? సారు చెప్పిన నాలుగు వరుసలు?"

"నాలుగేంది, ఐదు గూడ చదువుత. సారుకు అంత సంబురం ఒక్కసారే ఎందుకని ఆగిన."

"ఓరి దేవుడా... ఆర్నెల్లు! కాదు, జూన్ సంది... మూడు నెలలు! మూడు నెలలసంది నన్ను ఆగం చేసినవ్. ముసలి దొంగ!"

"ముసలోన్ని కాదు. యాభై ఆరు."

"నీ చెయ్యి పట్టుకొని రోడ్డు దాటిచ్చిన! నీ ప్లేట్ల చేప ముండ్లు నేను తీసిన!"

"చేప ముండ్లు మంచిగ తీస్తవ్. గది మాత్రం బందు పెట్టకు."

"కొడ్త నిన్ను."

"కొట్టు. ఇక్కడ వద్దు గని, బస్సుల కొట్టు."

"అవ్వకు చెప్త."

"చెప్పకు. మీ అవ్వ బువ్వ పెట్టది. నవ్వుతున్నవా, ఏడుస్తున్నవా?"

"రెండు. నీకేం, దస్తీ ఇటియ్యి. కాదు, వద్దు, నీ దస్తీ పొగాకు వాసన... అబ్బ బాపూ! రొమ్ము మీదికెల్లి బండ దిగినట్టున్నది. నిజంగ. ఊపిరి ఆడుతున్నది నాకు."

"ఆడనియ్యి. మంచిగ ఆడనియ్యి. చుక్కలతోని కన్ను పోదు, గిదంత మనసుల పెట్టుకోకు. కన్నున్నది. కనవడ్తున్నది. అయిపాయె."

"ఇయ్యాల లోపల అన్ని చదువుతవ్ గద? సారు ముందర?"

"చదువుత."

"నాలుగు వరుసలు?"

"నాలుగు."

"ఒట్టు?"

"మనం ఒట్టు పెట్టొద్దని బైబిల్ వాక్యంల ఉన్నది గద బిడ్డా. అవునంటే అవును, గంతే."

"సరే, అవును అను."

"నువ్వు మాత్రం లోపలికి రాకు."

"ఎందుకు?"

"సిగ్గయితది. ఇన్ని దినాలు కనవడ్తలేదని చెప్పి, ఇప్పుడు బిడ్డ ముందర టకటక చదువుతే ఏం మంచిగుంటది? నువ్వు కిందికి పోయి చాయ్ తాగు. నేను చదివి, సారుతోని మాట్లాడి వస్త. రంగు మందు ఫొటో గిట్ల ఏమన్న ఉంటే గూడ నేనే చూసుకుంట."

"చదివితే ఫొటో ఎందుకుంటది?"

"ఉండదు. ఉండదు లే. ఉంటే అంటున్న."

"నేను ఎటు పోను. ఆర్నెల్లసంది గీ బెంచీ మీద కూసున్న. నువ్వు చదివెటప్పుడే లేచి పోవాల్నా? నేను సూడాలె. సారు మొకం గూడ సూడాలె."

"మొండిది. మీ అవ్వ పోలిక."

"నీ పోలికే అంటది అవ్వ. సరే, అంత సిగ్గయితే లోపలికి రాను. గని ఇక్కడ ఒక్కసారి నాకు చూపియ్యి."

"ఏం చూపియ్యాలె?"

"నీకు కనవడ్తున్నదని. గా గోడ మీద కాగితం చదువు."

"సారు ముందర చదువుత అంటున్న గద."

"నాకోసం బాపూ. ఒక్కటే ఒక్కసారి. కాగితం వద్దు తియ్యి, వేళ్లు చెప్పు. కుడి కన్ను నేను మూస్త. నీ దస్తీని నమ్మ."

"ఇంతమందిల ఏందిది, చిన్నపిల్లల ఆట..."

"ఎవ్వలు చూస్తలేరు. ఇటు తిరుగు. అద్దాలు తియ్యి."

"నీ చెయ్యి తడిగున్నది."

"ఏడిసిన గద, తడి ఉండదా? కదలకు. మొత్తం మూసిందా? సందుకెల్లి చూడకు."

"చూస్తలేను."

"రెప్ప గుచ్చుకుంటున్నది, మూసుకో కుడిది. ఎడమది తెరువు. పెద్దగ. ఆ, గట్ల. ఇగ చెప్పాలె మరి, నేను ఎన్ని వేళ్లు..."

"మూడు. మూడే గద?"

"బాపూ..."

"తప్పా? రెండా? ఆ, రెండే. నీ వేళ్లు సన్నగుంటయి, దగ్గర దగ్గర పెట్టినవ్, అందుకే. రెండు."

"నేనింక వేళ్లు చూపనేలే బాపూ. గీ చేత్తోని నా కండ్లు తుడుసుకుంటున్న."